అయస్కాంతం కడితే సబ్బు నురుగొస్తుందా?

పోయిన నెల ఒకరోజు మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, ఒక్క పూట వచ్చి వెళ్ళవూ? ఆయన క్యాంపు నుంచి వచ్చేలోగా ఓ విషయం తేల్చుకోవాలి" అంది. గొంతు వింటే విషయం చిన్నదిగా అనిపించలేదు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయిని వెంటబెట్టుకుని బయల్దేరాను.

వాళ్ళు హైదరాబాద్ శివార్లలో కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారి రెండేళ్ళయింది. అక్కడ అన్నిటికీ బోరు నీళ్ళే. ఆ నీళ్ళతో కాపురం ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. బకెట్ అంచున తెల్లటి చార, గీజర్ రాడ్డు మీద సున్నం పెచ్చు, ఆరిన తువ్వాలు అప్పడంలా బిర్రుగా ఉంటుంది, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతుంది. సబ్బు రుద్దగా రుద్దగా అరిగిపోతుందే గానీ నురుగు రాదు.

అలాంటి ఇంటికి ఓ మధ్యాహ్నం ఒక కుర్రాడు సంచి తగిలించుకుని వచ్చాడట. రెండు నల్లటి బిళ్ళలు చూపించి, ఇవి చాలా బలమైన అయస్కాంతాలు, నీళ్ళ గొట్టానికి అటొకటి ఇటొకటి బిగిస్తే చాలు, నీటి అణువులు విడివడి నీళ్ళు మెత్తబడతాయి, సబ్బు సగమే పడుతుంది అన్నాడట. రెండు సీసాలు తీసి గిలకొట్టి చూపించాడు. ఒకదాంట్లో నురుగు లేదు, రెండోదాంట్లో మూతిదాకా నురుగు! మా ఆడపడుచు పోపులడబ్బాలో రెండేళ్ళుగా దాచుకున్న డబ్బులోంచి ఏడు వేల ఐదు వందలు తీసి ఇచ్చేసింది. నచ్చకపోతే పదిహేను రోజుల్లోగా వాపసు చెయ్యవచ్చని రసీదు మీద రాసి ఉంది. నేను వెళ్ళేసరికి పదమూడో రోజు.

"తేడా ఏమైనా కనిపించిందా?" అని అడిగాను.

"అదే తెలియట్లేదు వదినా. ఒకరోజు నురుగు బాగానే వచ్చినట్టుంటుంది. ఇంకోరోజు ఎప్పటిలాగే ఉంటుంది. డబ్బు పోసి కొన్నాను కదా, రాలేదనడానికి మనసొప్పట్లేదు" అంది.

ఆ మాటలో అబద్ధం లేదు. డబ్బు పెట్టాక మన కళ్ళు కూడా మనకి కొంచెం మొగమాటపడతాయి. అందుకే కళ్ళని నమ్ముకోకుండా చెంచాలు లెక్కపెట్టాలనుకున్నాం.

మేం చేసిన పరీక్ష మీరూ చేసుకోవచ్చు. మామూలు ఒంటిసబ్బు కొద్దిగా తురిమి, గోరువెచ్చటి మంచినీళ్ళలో కరిగించి వడకట్టాం. ఒకే కొలత సీసాలు నాలుగు తీసుకుని, అన్నిట్లోనూ అర గ్లాసు చొప్పున నీళ్ళు పోశాం. మొదటిదాంట్లో అయస్కాంతానికి ముందున్న కుళాయి నీళ్ళు. రెండోదాంట్లో అయస్కాంతం దాటి వచ్చినవి. మూడోదాంట్లో పది నిమిషాలు మరగబెట్టి చల్లార్చి, పైకి తేరిన బోరు నీళ్ళు. నాలుగోదాంట్లో మా ఇంటి నుంచి తీసుకెళ్ళిన కృష్ణా నీళ్ళు. ఏ సీసాలో ఏవి ఉన్నాయో మా ఇద్దరికీ తెలియకుండా మావాడు అడుగున గుర్తులు పెట్టాడు. ఒక్కో చెంచా సబ్బు నీళ్ళు వెయ్యడం, మూతపెట్టి ఇరవైసార్లు గిలకొట్టడం, నురుగు ఐదు నిమిషాలు నిలుస్తుందేమో చూడడం. నిలవకపోతే ఇంకో చెంచా.

కృష్ణా నీళ్ళకి రెండు చెంచాలకే నురుగు నిలిచింది. మరగబెట్టిన నీళ్ళకి ఆరు పట్టాయి. అయస్కాంతానికి ముందున్న బోరు నీళ్ళకి తొమ్మిది. అయస్కాంతం దాటిన నీళ్ళకీ తొమ్మిదే. సీసాలు తిప్పి గుర్తులు చూశాక మా ఆడపడుచు కాసేపు మాట్లాడలేదు.

"మరి ఆ అబ్బాయి సీసాలో అంత నురుగెలా వచ్చింది?" అంది చివరికి. ఆ సీసాలో నీళ్ళు ఎవరివి అని అడిగాను. గుర్తు చేసుకుని, "అతని సంచిలోవే" అంది. మన కుళాయి నీళ్ళు మన కళ్ళెదుట పట్టని పరీక్ష, పరీక్షే కాదు.

అంతటితో అయిపోయేదే. కానీ మావాడు ఊరుకోలేదు. "ఉత్త నీళ్ళ మీద కాకుండా సబ్బు కలిపిన నీళ్ళ మీద అయస్కాంతం పనిచేస్తుందేమో" అన్నాడు. సరే అని గొట్టం నుంచి బిళ్ళలు ఊడదీసి, సబ్బు నీళ్ళ సీసాకి అటూ ఇటూ కట్టి రాత్రంతా ఉంచాం. పొద్దున గిలకొట్టి చూస్తే మార్పేమీ లేదు.

అసలు అయస్కాంతానికి నీళ్ళతో గానీ సబ్బు నీళ్ళతో గానీ సంబంధమే లేదా? ఇంటికొచ్చాక అది తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను. జవాబు "లేదు" అని కాదండీ. ఉంది! కాకపోతే అది మనం అనుకునే రకంగా లేదు.

అయస్కాంతం ఇనుమును లాగుతుందని మనకి తెలుసు. నీటిని మాత్రం అది లాగదు, నెడుతుంది! ఈ నెట్టే గుణాన్ని 1845లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే గమనించాడు. ఆయన గాజుతో మొదలుపెట్టి నీళ్ళు, కర్ర, రొట్టె, ఆపిల్ ముక్క దాకా చేతికందినవన్నీ అయస్కాంతం ముందు వేలాడదీసి చూశాడు. అవన్నీ అయస్కాంతానికి దూరంగా జరగాలనే చూశాయి. అయితే ఆ నెట్టుడు ఎంత తక్కువంటే, మామూలుగా మనకి కంటికే ఆనదు.

అయస్కాంత బలాన్ని టెస్లాలలో కొలుస్తారు. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ బలం టెస్లాలో వందో వంతు ఉంటుంది. నియోడిమియం అనే లోహంతో చేసే గట్టి బిళ్ళ ఒంటి మీద సుమారు అర టెస్లా. ఆస్పత్రిలో ఎమ్మారై స్కానింగ్ యంత్రం ఒకటిన్నర లేదా మూడు టెస్లాలు. అర టెస్లా బిళ్ళని నీటి ఉపరితలం దగ్గర పెడితే, నీళ్ళు సొట్టపడేది మిల్లీమీటరులో పదో వంతులోపే. అదే పది టెస్లాలయితే మూడు సెంటీమీటర్లకు పైగా గుంట పడుతుంది. బలం ఇరవై రెట్లయితే సొట్ట నాలుగు వందల రెట్లవుతుందన్నమాట.

ఇక్కడ ఓ తమాషా సంగతి చెప్పాలి. మా ఆడపడుచు గొట్టానికి కట్టించిన బిళ్ళల్లాంటివే విదేశాల్లోనూ అమ్ముతారు. గొట్టాల్లో సున్నం పేరుకోకుండా ఆపుతాయంటారు. ఆంద్రే గైమ్ అనే శాస్త్రజ్ఞుడు నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో పనిచేస్తున్నప్పుడు ఈ అయస్కాంతపు నీళ్ళ గోల చదివి, ఇదేదో తేల్చుకుందామనుకున్నాడు. వాళ్ళ ప్రయోగశాలలో ఇరవై టెస్లాల దాకా పోయే మహా బలమైన విద్యుదయస్కాంతం ఉంది. ఓ శుక్రవారం సాయంత్రం ఆయన ఆ యంత్రం నడుస్తుండగానే దాని మధ్యనున్న బెజ్జంలోకి నీళ్ళు పోసేశాడు. లక్షల ఖరీదు చేసే యంత్రంలో నీళ్ళు పొయ్యడమేమిటని మనమైతే కోప్పడేవాళ్ళం! కానీ పోసిన నీళ్ళు నేల మీద పడలేదు. మధ్యలోనే ఆగి, ఉండల్లా గాలిలో తేలాయి. అయస్కాంతం నెట్టుడు నీటి బరువుకి సరిపోయిందన్నమాట. ఆ తర్వాత 1997లో ఆయనా, తోటివాళ్ళూ కలిసి పదహారు టెస్లాల బలంలో ఓ బతికున్న కప్పనే తేల్చి చూపించారు. స్ట్రాబెర్రీ పండునీ, మిడతనీ కూడా తేల్చారు. కప్పకి ఏ హానీ జరగలేదు. ఇదే గైమ్‌కి 2010లో గ్రాఫీన్ మీద చేసిన పనికి నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ ఉపన్యాసంలో ఆయన ఈ నీళ్ళ కథ చెబుతూ, గొట్టానికి కట్టే చిన్న అయస్కాంతం సంగతి తాను తర్వాత కూడా పలుసార్లు పరీక్షించి చూశాననీ, ఎటూ తేలలేదనీ ఒప్పుకున్నారు. నోబెల్ వచ్చినాయన తేల్చలేకపోయిన దాన్ని సంచి కుర్రాడు రెండు నిమిషాల్లో తేల్చేశాడు, చూశారా!

ఇక సబ్బు సంగతికి వద్దాం. సబ్బు అణువుని తొడిమ ఉన్న మల్లెపువ్వు అనుకోండి. పువ్వు వైపుకి నీళ్ళంటే ఇష్టం. తొడిమ వైపుకి నీళ్ళంటే పడదు, జిడ్డంటే ఇష్టం. నీళ్ళలో సబ్బు మరీ కొంచెమే ఉన్నప్పుడు ఈ పువ్వులు విడివిడిగా తిరుగుతాయి. ఓ హద్దు దాటగానే తొడిమలన్నీ లోపలికీ, పువ్వులన్నీ బయటికీ పెట్టుకుని గుండ్రటి పూలచెండులా చేరతాయి. ఈ చెండుని మిసెల్ అంటారు. టూత్‌పేస్టులో నురుగు కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ లీటరు నీళ్ళకి రెండు గ్రాములు దాటితే చెండ్లు కట్టడం మొదలుపెడుతుంది. ఒక్కో చెండులో అరవై దాకా అణువులుంటాయి. బట్టల జిడ్డు ఈ చెండు మధ్యలోకి చేరి, నీళ్ళతోపాటు కొట్టుకుపోతుంది.

సబ్బు అణువులు ఇలా గుంపు కడతాయని ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉంటూ చెప్పినవారు జేమ్స్ మెక్‌బేన్. మొదట్లో తోటి శాస్త్రజ్ఞులే ఆయన మాట నమ్మలేదు. చివరిదశలో ఆయన మన దేశానికి వచ్చి, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకి తొలి డైరెక్టర్‌గా పనిచేశారు. మనం రోజూ బట్టలుతికే నీళ్ళ రహస్యం విప్పినాయన మన దేశంలోనూ ఉండి వెళ్ళారన్నమాట.

ఇప్పుడు ఈ చెండ్లని అయస్కాంతం ముందు పెట్టామనుకోండి. గుండ్రటి చెండుకి నిలువూ లేదు, అడ్డమూ లేదు. ఎటు తిప్పినా ఒకటే. కాబట్టి అయస్కాంతం దాన్ని ఏ వైపుకీ తిప్పలేదు. మరి ఒక్కో పువ్వుకి తొడిమ పొడుగు ఉంది కదా, దాన్ని తిప్పొచ్చుగా అంటారేమో. తిప్పాలనే చూస్తుంది. కానీ నీళ్ళలో అణువులన్నీ వేడికి ఎప్పుడూ తోసుకుంటూ, గెంతుతూ ఉంటాయి. తిరణాల్లో తప్పిపోయిన పిల్లని ఒక్కదాన్ని వరసలో నిలబెట్టడం ఎంత కష్టమో ఇదీ అంతే. పది టెస్లాల అయస్కాంతం ముందైనా, ఒక్క అణువుని తిప్పే బలం ఆ వేడి తోపులాటలో వెయ్యో వంతు కూడా ఉండదు.

సబ్బు బాగా చిక్కబడితేనో, కొన్ని రకాల ఉప్పులు కలిపితేనో కథ మారుతుంది. అప్పుడు చెండ్లు కాస్తా పొడుగ్గా సాగి పూలదండల్లా అవుతాయి. ఒక్కో దండలో వేలూ లక్షలూ అణువులు ఒకే తీరుగా అమరి ఉంటాయి. ఒక్కొక్కదాని మీద పడే చిన్న తోపు, అన్నీ కలిసేసరికి పెద్ద తోపవుతుంది. అలాంటి చిక్కటి ద్రావణాలని చాలా టెస్లాల అయస్కాంతంలో ఉంచితే దండలన్నీ ఒకే వరసకి తిరుగుతాయి. శాస్త్రజ్ఞులు ఇది చూశారు, కొలిచారు, దీన్ని వాడుకుంటున్నారు కూడా. అయితే అది మన బకెట్‌లోని పల్చటి సబ్బు నీరు కాదు. వాళ్ళ అయస్కాంతమూ గొట్టానికి కట్టే బిళ్ళ కాదు.

అయస్కాంతం మాట వినే సబ్బు కూడా ఒకటుందండోయ్. మెక్‌బేన్ పనిచేసిన ఆ బ్రిస్టల్‌లోనే 2012లో జూలియన్ ఈస్టో, ఆయన బృందం దాన్ని తయారుచేశారు. బట్టలు మెత్తబడ్డానికి వాడే ద్రవాల్లోనూ, నోరు పుక్కిలించే మందుల్లోనూ ఉండే పదార్థాల్లాంటి వాటికి ఇనుము జతచేశారు. ఓ గాజు గొట్టంలో అడుగున ఈ సబ్బు ద్రావణం, పైన నూనెలాంటి తేలికైన ద్రవం పోసి, పై నుంచి అయస్కాంతం చూపిస్తే సబ్బు ద్రావణం తన బరువుని కూడా లెక్కచెయ్యకుండా నూనెలోంచి పైకి లేచింది. ఇలాంటి సబ్బులతో సముద్రంలో ఒలికిన చమురుని శుభ్రంచేసి, తర్వాత సబ్బుని అయస్కాంతంతో వెనక్కి తీసెయ్యవచ్చేమోనని వాళ్ళ ఆశ. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అయస్కాంతానికి పలికింది సబ్బు కాదు, అందులోని ఇనుము. నీళ్ళు పోసి పల్చన చేసినకొద్దీ ఇనుమూ పల్చనై, ఆ లాగుడూ తగ్గిపోతుంది. మన ఒంటిసబ్బులో ఆ ఇనుము లేనే లేదు.

ఇదంతా చదివాక మా ఆడపడుచుకి ఫోన్ చేసి అసలు విషయం రెండు ముక్కల్లో చెప్పాను. బోరు నీళ్ళలో నురుగు రాకపోవడానికి కారణం నీటి అణువుల గుంపులు కాదు. అందులో కరిగున్న కాల్షియం, మెగ్నీషియం. సబ్బు వెయ్యగానే అవి దాన్ని పట్టుకుని తెల్లటి తెట్టుగా విరగ్గొడతాయి. తువ్వాలు బిర్రుగా అయ్యేదీ, బకెట్‌కి చార కట్టేదీ ఆ తెట్టుతోనూ, ఆ లవణాలతోనే. అవన్నీ పట్టుబడిపోయాక వేసిన సబ్బే నురుగు ఇస్తుంది. అందుకే తొమ్మిది చెంచాలు. గొట్టానికి బయట అయస్కాంతం కట్టినంత మాత్రాన లోపలి కాల్షియం ఎక్కడికీ పోదు. గొట్టంలో పేరుకునే సున్నం మీద దాని ప్రభావం ఏమైనా ఉందా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ నీళ్ళ కఠినత్వం మాత్రం తగ్గదు, సబ్బూ ఆదా కాదు.

మరి ఏం చెయ్యాలంటారా? చేతిలో ఉన్న ఉపాయాలు ఇవి.

బట్టలకి: బకెట్ నీళ్ళలో ఒకటి రెండు చెంచాల చాకలిసోడా కలిపి కాసేపు ఉంచండి. కాల్షియం అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వాడుకోండి. పట్టుకీ ఉన్నికీ మాత్రం చాకలిసోడా తగలనివ్వకండి. చేతులు మండే గుణం ఉంది కనుక తొడుగులు వేసుకోండి. బట్టల సబ్బు కన్నా డిటర్జెంట్ పౌడరు కఠిన జలానికి బాగా తట్టుకుంటుంది.

తలకి: కుంకుడుకాయ రసానికి సాటి లేదు. కుంకుడు నురుగునిచ్చే పదార్థం సబ్బులా కొవ్వుతో చేసింది కాదు, కాబట్టి బోరు నీళ్ళలో విరిగి తెట్టు కట్టదు. మన అమ్మమ్మలు ఊరికే వాడలేదు. వీలైతే చివరి చెంబు మాత్రం మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు పోసుకోండి.

గిన్నెలకీ కుళాయిలకీ: తెల్లటి పెచ్చు కట్టిన చోట నిమ్మచెక్క రుద్ది, పావుగంట ఆగి కడిగెయ్యండి.

అపార్ట్‌మెంట్ అంతటికీ: ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ యంత్రాలు కాల్షియాన్ని నిజంగానే తీసేస్తాయి. అందరూ కలిసి పెట్టించుకుంటే ఖర్చు ఇంటికింత అని పంచుకోవచ్చు. అయితే అందులోకి సోడియం చేరుతుంది. కనుక తాగే నీళ్ళకి వేరే కుళాయి ఉంచుకోండి.

ఇంకో జాగ్రత్త. చిన్నపిల్లలున్న ఇంట్లో గట్టి అయస్కాంతపు బిళ్ళలు అందుబాటులో ఉంచకండి. చిన్నవి రెండు మింగితే అవి కడుపులో పేగుల్ని మధ్యన పెట్టుకుని అతుక్కుని ప్రాణం మీదికి తెస్తాయి. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఎమ్మారై గదిలోకి వెళ్ళేముందు పిన్నీసులూ, తలపిన్నులూ, నగలూ అన్నీ తీసెయ్యమనేది కూడా ముఖ్యంగా ఇనుము భయంతోనే. మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే అయినా, ఆ నీళ్ళకి భయం లేదు.

పద్నాలుగో రోజున మా ఆడపడుచు బిళ్ళలు రెండూ కాగితంలో చుట్టి, రసీదు పట్టుకుని వాళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. మొదట వాళ్ళు "ఇంకో నెల వాడి చూడండమ్మా" అన్నారట. ఇది సంచిలోంచి నాలుగు సీసాలూ తీసి బల్ల మీద పెట్టి, "మీ కుళాయి నీళ్ళు పట్టండి, ఇక్కడే చేసి చూపిస్తాను" అందట. బిగించిన కూలీ కింద ఐదు వందలు మినహాయించుకుని ఏడు వేలు తిరిగిచ్చారు.

ఆ సాయంత్రం అన్నయ్యగారు క్యాంపు నుంచి రాగానే దాచకుండా అంతా చెప్పేసిందిట. ఆయన కోప్పడతారనుకుంటే, "ఏదీ, ఆ సీసాల పరీక్ష నాకూ చూపించు" అన్నారట. ఇప్పుడు ఆ ఏడు వేలూ మళ్ళీ పోపులడబ్బాలోనే ఉన్నాయి. వచ్చే నెల అపార్ట్‌మెంట్ మీటింగులో సాఫ్ట్‌నర్ మాట ఎత్తేది తనే. నాలుగు సీసాలూ కడిగి సిద్ధంగా పెట్టుకుంది.